జయపురపు పాదము – పలు విద్యల కూడిక

ఉగాది సంచికకు వ్యాసము కావలెనని సంఘమువారు అడిగినప్పుడు మనవారు సాధారణముగా ఏ విజయనగర రాయల వైభవమునో, ఏ త్యాగయ్యగారి సంగీతమునో, ఏ వలస కుటుంబపు పూర్వ చరిత్రనో ఎత్తుకోవడము వాడుక. అవన్నీ వ్రాయదగినవే. అయితే ఈ సంవత్సరము మేము ఒక రబ్బరు కాలి చరిత్ర చెప్పదలచినాము. శుభమా అని పండుగ జరుపుకొంటూ ఉంటే కాలు పోయినవారి సంగతి ఎందుకని పెద్దలు కోపగించుకొనరని నమ్ముతున్నాము. ఆరు రుచులలో వేపపూవుకు కూడా చోటిచ్చిన పండుగ ఇది.

జయపురము అనగానే ఒడిషాలో స్థిరపడిన మన సోదరులకు కోరాపుట్టు జిల్లాలోని జయపురము, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు మహాపోషకులైన విక్రమదేవవర్మగారి జయపురము, జ్ఞాపకమునకు వస్తుంది. మేము చెప్పబోయేది అది కాదు. రాజస్థాన రాష్ట్రమునకు రాజధాని అయిన జయపురము. అక్కడ 1960లలో శస్త్రవైద్యులు, ఒక శిల్పి, టైర్లకు రబ్బరు వేసే దుకాణదారు, కాలు పోగొట్టుకొన్న రైతులు, అందరూ తలా ఒక చేయి వేయగా తయారైన కృత్రిమ పాదమునకు ప్రపంచమంతటా ‘జైపూర్ ఫుట్’ అని పేరు. వేరువేరు శాస్త్రములవారు కలసి వస్తువులకు రూపము కల్పించవలెనని ఈనాడు విశ్వవిద్యాలయములలో గొప్పగా బోధిస్తున్నారు. ఆ పద్ధతికి మన దేశములో ఇంతకంటె చక్కని ఉదాహరణ మాకు కనబడలేదు.

చెంబు చెప్పే పాఠము

‘డిజైను’ అనే మాట మన పిల్లల నోట ఇప్పుడు తరచు వినబడుతున్నది. డిజైను అంటే చీర అంచు మీది లతలు, పూవులు అని మన పెద్దలు అనుకొనేవారు. అది అందులో ఒక భాగము మాత్రమే. ఒక వస్తువు ఏ పనికి కావలెనో ఆ పనికి తగినట్లుగా దాని ఆకారమును, పదార్థమును, కొలతలను, వెలను ముందుగా ఆలోచించి నిర్ణయించడమే రూపకల్పన. ఈ విద్యను దేశములో ఏ విధముగా నేర్పవలెనో సలహా చెప్పవలసినదిగా భారత ప్రభుత్వమువారు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికా దంపతులను పిలిపించినారు. వారు దేశము తిరిగి చూచి 1958లో ఒక నివేదిక సమర్పించినారు. దానిని ఆధారముగా చేసుకొని 1961లో అహమ్మదాబాదులో జాతీయ రూపకల్పన సంస్థ ఏర్పడినది.

ఆ దంపతులు మన దేశములో చూచి మెచ్చుకొన్న వస్తువులన్నిటిలోను అగ్రస్థానము దేనికిచ్చినారో తెలుసునా? నీళ్ళ చెంబుకు. చెంబు చేయాలంటే ఎన్ని సంగతులు ఆలోచించవలెనో వారు వరుసగా వ్రాసినారు. అందులో నీళ్ళు ఎన్ని పట్టవలెను, ఎత్తే చేయి ఎంతటిది, తలమీద పెట్టుకొంటారా, చంకన పెట్టుకొంటారా, నిండుగా ఉన్నప్పుడు ఎట్లా నిలుస్తుంది, ఖాళీగా ఉన్నప్పుడు ఎట్లా నిలుస్తుంది, వంచితే ధార ఎట్లా పడుతుంది, లోహమునకు ఎంత వెల అవుతుంది – ఇట్లా ఎన్నో. ఇన్ని సంగతులను ఏ ఒక్కరో కూర్చుండి ఆలోచించి చెంబును కల్పించలేదని, ఎన్నో తరములవారు కొద్దికొద్దిగా దిద్దుకొంటూ రాగా ఆ రూపము వచ్చినదని వారి అభిప్రాయము.

చెంబు తరతరములు ఆగగలదు. కాలు పోయిన మనిషి ఆగలేడు. తరములు చేసిన పనిని కొద్ది సంవత్సరములలో చేయాలంటే ఒక్కటే మార్గమున్నది. వేరువేరు సంగతులు ఎరిగినవారు ఒకచోట చేరవలెను. జయపురములో జరిగినది అదే.

గోడకు వ్రేలాడిన కాళ్ళు

రెండవ ప్రపంచ యుద్ధములో అవయవములు పోగొట్టుకొన్న సైనికుల కొరకు 1944లో పూనాలో కృత్రిమావయవ కేంద్రము స్థాపించబడినది. అటుతరువాత చాలాకాలము దేశములో ఈ విషయమున అదే పెద్ద దిక్కుగా ఉండినది. విదేశములలో కూడా అప్పుడు పరిశోధనలు ముమ్మరముగా జరుగుతుండేవి. 1950లలో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు ‘సాచ్’ అనే పాదమును రూపొందించినారు. దానికి మడమ దగ్గర మెత్తని దిండు, నడుమ గట్టి కర్ర దిమ్మ ఉంటాయి. చీలమండ కదలదు. బూటు తొడుక్కొని, చదునైన నేలమీద నడచి, కుర్చీలో కూర్చునేవారికి అది ఎంతో మేలైన సాధనము. అందులో దోషమేమీ లేదు.

దోషము ఎక్కడ వచ్చినదంటే, అది మన ఊళ్ళకు వచ్చినప్పుడు వచ్చినది. మన రైతు చెప్పులు విడిచి గుడిలోకి పోవలెను. వంటింటి గడప లోపల బూటు పనికిరాదు. పీట మీద మఠము వేసుకొని కూర్చుండి భోజనము చేయవలెను. కాలకృత్యములకు గొంతుకు కూర్చొనవలెను. వరిమడిలో బురద త్రొక్కవలెను. ఎగుడుదిగుడు గట్లమీద నడవవలెను. చీలమండ వంగని పాదముతో గొంతుకు కూర్చొనడము సాధ్యము కాదు. బూటు లేకపోతే ఆ పాదము నిలువదు. బూటుతో బురదలో దిగితే బూటూ మిగలదు, పాదమూ మిగలదు. ఎంతో ఖర్చుపడి, ఎంతో దూరము పోయి తెచ్చుకొన్న కాలు చివరకు గోడకు వ్రేలాడుతూ ఉండేది. మనిషి మాత్రము మునుపటివలెనే చంకక్రింద ఊతకర్రతో కుంటుకొంటూ నడిచేవాడు.

ఇందులో ఆలోచింపదగిన సంగతి ఒకటున్నది. ఆ పాదమును చేసినవారు గొప్ప శాస్త్రజ్ఞులే. అయితే మన రైతు ఎట్లా కూర్చుంటాడో వారికి చెప్పినవారు లేరు. అడగవలసినవారిని అడగకపోతే ఎంత గొప్ప విద్యయైనా గోడకు వ్రేలాడవలసినదే.

డాక్టరుగారు, మాస్టరుగారు

ప్రమోద్ కరణ్ సేథీగారు 1927లో కాశీలో జన్మించినారు. ఆగ్రాలో వైద్యము చదివి, ఎడింబరోలో ఎఫ్.ఆర్.సి.ఎస్. పట్టము పొంది, 1954లో జయపురములోని సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలో చేరినారు. మొదట ఆయన సామాన్య శస్త్రవైద్యులు. 1958లో ఎముకల చికిత్సకు ప్రత్యేక విభాగము ఏర్పరచవలసినదిగా పైవారు ఆయనను కోరినారు. ఆ విభాగమునకు వచ్చిన రోగులలో కాలు తీసివేయబడినవారు చాలామంది. శస్త్రము చేసి పంపించడముతో తన పని తీరినదని ఆయన అనుకొనలేదు. ఇచ్చిన కాలును ఎందుకు తొడుక్కొనడము లేదని రోగులను అడిగినారు. వారు చెప్పిన సమాధానములే ఈ చరిత్రకు మొదటి అధ్యాయము.

రామచంద్ర శర్మగారు శిల్పుల వంశమువారు. అందరూ మాస్టర్జీ అని పిలిచేవారు. పెద్ద చదువులు చదివినవారు కారు. రోగులకు కాలక్షేపముగాను, జీవనోపాధిగాను చేతిపనులు నేర్పడానికి ఆసుపత్రికి వస్తూ ఉండేవారు. కాలు లేనివారి అవస్థ చూచి, రాతితో, కర్రతో మనిషి పాదమును అచ్చముగా చేయగలిగిన తన చేయి దీనికి ఎందుకు పనికిరాకూడదని ఆయనకు తోచినది.

ఒకరికి ఎముకల పేర్లు తెలుసును. బరువు మడమమీద ఎప్పుడు పడుతుందో, వ్రేళ్ళమీద ఎప్పుడు పడుతుందో తెలుసును. మరియొకరికి పదార్థపు స్వభావము తెలుసును. ఏది వంగుతుందో, ఏది విరుగుతుందో, ఏది సాగుతుందో చేతికి తెలుసును. ఒకరి పరిభాష మరియొకరికి క్రొత్త. అయినా ఇద్దరి ముందు ఉన్నది ఒకే పాదము గనుక పని సాగినది. కస్లీవాల్, ఉదావత్ అనే మరి ఇద్దరు వైద్యులు కూడా వారితో చేరినారు.

కర్రతో, స్పాంజితో చేసిన తొలి పాదములు నిలువలేదు. ఒకనాడు మాస్టరుగారి సైకిలు చక్రము గాలి పోయి దుకాణము దగ్గర ఆగవలసి వచ్చినదని, అక్కడ లారీ టైరుకు క్రొత్త రబ్బరు వేసి ఉడకబెట్టడము చూచి ఆయనకు మార్గము తట్టినదని చెబుతారు. పాదపు అచ్చు తీసుకొనిపోయి ఆ దుకాణదారును అడిగితే అతడు రబ్బరు పాదము చేసి ఇచ్చినాడని, సంగతి తెలిసిన తరువాత డబ్బు పుచ్చుకొనలేదని కూడా చెబుతారు. కథలో అలంకారము కొంత ఉండవచ్చును గాని, టైర్ల పనివాని విద్య ఆ పాదములో ఉన్నమాట మాత్రము నిజము. ఈనాటికీ అది రబ్బరు ఉడికించి చేసే వస్తువే.

పాదము లోపల ఏమున్నది

పూర్తిగా రబ్బరుతో చేసిన మొదటి పాదము గట్టిగానే ఉన్నది కాని బరువెక్కువ, వంగదు. అప్పుడు దానిని మూడు ముక్కలుగా ఆలోచించినారు. మడమకు ఒక స్పాంజి రబ్బరు దిమ్మ, పాదపు ముందు భాగమునకు మరియొక స్పాంజి రబ్బరు దిమ్మ, పైన కాలికి బిగించే చోట ఒక కర్ర దిమ్మ. ఈ మూడింటినీ టైర్లలో వాడే నూలు పట్టించిన రబ్బరుతో చుట్టి, పైన చర్మపు రంగు రబ్బరు పొదిగి, లోహపు అచ్చులో పెట్టి ఆవిరి వేడికి ఉడికిస్తారు. తీసి చూస్తే వ్రేళ్ళతో సహా మనిషి పాదమే.

ఇందులో ఇనుప కీళ్ళు లేవు, మరలు తిరగవు. అయినా స్పాంజి రబ్బరు అన్ని దిక్కులకూ కొద్దికొద్దిగా లొంగుతుంది. ముందుకు వంగుతుంది గనుక గొంతుకు కూర్చొనవచ్చును. ప్రక్కకు ఒరుగుతుంది గనుక గట్టుమీద నడవవచ్చును. కొంచెము మెలి తిరుగుతుంది గనుక మఠము వేయవచ్చును. పైన రబ్బరు తొడుగు ఉన్నది గనుక నీళ్ళు లోపలికి పోవు, బూటు అక్కరలేదు. చెట్టెక్కినవారు, సైకిలు తొక్కినవారు, మడిలో నాట్లు వేసినవారు ఉన్నారు.

పాదమునకు పైన పిక్క భాగమును అల్యూమినియము రేకుతో చేసినారు. మన కంచరి వీధులలో గిన్నెలు, బిందెలు సాగగొట్టే పద్ధతిలోనే రేకును సుత్తితో కొట్టి, రోగి రెండవ కాలి ఆకారమునకు సరిగా తెచ్చేవారు. తరువాతి కాలములో అల్యూమినియమునకు బదులు, పొలములకు నీళ్ళు పారించే ప్లాస్టిక్ గొట్టములవంటి వాటిని వేడిచేసి అచ్చుకు తొడిగే పద్ధతి వచ్చినది. ఒక పూటలోనో, ఒక రోజులోనో కాలు తయారై మనిషి నడచి ఇంటికి పోవడము ఇందువల్లనే సాధ్యమైనది.

పాఠకులు ఒక్కసారి లెక్క చూచుకొనవలెను. శరీరశాస్త్రము, శిల్పము, టైర్ల పని, కంచరిపని, వీటన్నిటికీ మించి గడపలు, గట్లు, పీటలు గల మన జీవనపు తెలివి. ఈ అయిదింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ పాదము లేదు. అయిదవదానిని తెచ్చినవారు రోగులే. వాడుకొనేవాడు కూడా ఒక విద్వాంసుడేనని ఈ చరిత్ర మనకు నేర్పుతున్నది.

ఆరవ విద్య

1968 నాటికి పాదము తయారైనది. కాని దేశమంతా తెలియడానికి చాలాకాలము పట్టినది. మొదటి ఏడు సంవత్సరములలో దానిని తొడుక్కొన్నవారు కొద్దిమందే. మంచి వస్తువు కల్పించడము వేరు, అది బీదవాని గుడిసెదాకా చేరడము వేరు. ఆ రెండవ పనికి మరియొక విద్య కావలెను. అది పరిపాలన.

దేవేంద్రరాజ్ మెహతాగారు రాజస్థానములో ఐ.ఎ.ఎస్. అధికారి. 1969లో కారు ప్రమాదములో తొడయెముక విరిగి, కాలు దక్కుతుందో లేదో అనే స్థితిలో చాలాకాలము మంచము మీద ఉన్నారు. ఆయన కాలు దక్కినది. డబ్బు లేనివాని కాలు పోతే వాని గతి ఏమిటి అనే ఆలోచన మాత్రము ఆయనను విడువలేదు. 1975లో భగవాన్ మహావీర వికలాంగ సహాయతా సమితిని స్థాపించినారు. మహావీరుని నిర్వాణమునకు 2500 సంవత్సరములు నిండిన సందర్భమది. కాలు కావలసినవారు ఏ వేళకు వచ్చినా చేర్చుకోవడము, ఉండడానికి చోటు, తినడానికి తిండి ఇవ్వడము, ఏమీ పుచ్చుకొనకుండా కాలు అమర్చి పంపడము ఆ సమితి పద్ధతి. దేశములోను, విదేశములలోను శిబిరములు జరిపి, కాళ్ళు, కాలిపర్లు, ఊతకర్రలు మొదలైనవన్నీ కలిపి 20 లక్షలమందికి పైగా సాయపడినామని సమితివారి లెక్క. మెహతాగారు తరువాత రిజర్వు బ్యాంకు ఉపగవర్నరుగాను, 1995 నుండి 2002 వరకు సెబీ అధ్యక్షులుగాను పనిచేసినారు. దస్త్రములు నడపడము ఎరిగిన మనిషి కూడా ఒక కాలికి రూపము కల్పించినవారిలో ఒకడు కాగలడని దీనివలన తేలినది.

పేరు ఎవరిది?

ఇక్కడ మనస్సును కలచే ప్రశ్న ఒకటున్నది. 1981లో సేథీగారికి రామన్ మెగసేసే బహుమానము వచ్చినది. ఆ సంవత్సరమే పద్మశ్రీ బిరుదు కూడా వచ్చినది. వారు అన్నివిధముల అర్హులు. 2008లో వారు మరణించినప్పుడు ప్రపంచమంతటా పత్రికలు కొనియాడినవి. కాని ఆ బహుమాన పత్రములో మాస్టరుగారి పేరు లేదు. పాదమును ఊహించినది ఎవరు, చేసినది ఎవరు, ఎవరికెంత కీర్తి చెందవలెను అనే చర్చ అటుతరువాత చాలాకాలము సాగినది.

ఆ వ్యాజ్యమును తీర్చడము మా ఉద్దేశము కాదు. అయితే ఇది జయపురములో మాత్రమే జరిగిన సంగతి కాదని మనవి చేస్తున్నాము. గోపురము కట్టించిన రాజు పేరు శాసనములో ఉంటుంది. రాయి చెక్కినవాని పేరు ఉండదు. వ్యాసము వ్రాయగలిగినవాడు సభలో మాట్లాడుతాడు. సుత్తి పట్టినవాడు పనిలో ఉంటాడు. పలువురు కలసి చేసిన పనిలో పేరు ఒక్కరికే దక్కితే మరుసటిసారి ఆ పలువురు మనసిచ్చి కలవరు. సహకారము నిలువవలెనంటే కీర్తిని కూడా పంచుకొనవలెను. ఒక్క సంగతి మాత్రము వారందరికీ గౌరవము తెచ్చేది. ఆ పాదమునకు ఎవరూ పేటెంటు తీసుకొనలేదు. ఎవరు చేసుకొన్నా అడ్డు లేదు.

తెలుగునాట దీని జాడలు

మన తెలుగువారికి ఈ పాదము పేరు ఇంటింటా తెలియజేసినది ఒక సినిమా. బొంబాయిలో పెరిగిన నర్తకి సుధా చంద్రన్‌గారు 1981లో తమిళనాడులో జరిగిన బస్సు ప్రమాదములో కాలు పోగొట్టుకొని, జయపురపు పాదముతో సాధన చేసి 1984లో తిరిగి వేదిక ఎక్కినారు. నడవడానికి చేసిన పాదముతో ఆమె నాట్యమాడినారు. ఆమె కథను సింగీతము శ్రీనివాసరావుగారు ‘మయూరి’ అనే పేరుతో తెలుగులో తీయగా, 1985లో విడుదలైన ఆ చిత్రములో ఆమెయే నటించినారు. మనలో ఆ సినిమా చూచి కళ్ళు తుడుచుకొనని ఇల్లాలు ఉండదు.

రెండవ జాడ హైదరాబాదులో ఉన్నది. అబ్దుల్ కలాముగారు అక్కడి రక్షణ ప్రయోగశాలలో అగ్ని క్షిపణి నిర్మాణమునకు నాయకులుగా ఉండిరి. 1989లో అగ్నిని మొదటిసారి ప్రయోగించినారు. నిజామ్స్ వైద్య సంస్థకు చెందిన ఎముకల వైద్యులు ఒకరు ఒకనాడు ఆ ప్రయోగశాలకు వచ్చి, క్షిపణి కొరకు చేసిన పదార్థమును చేతితో ఎత్తి, దాని తేలికదనమునకు ఆశ్చర్యపడి, కలాముగారిని తన ఆసుపత్రికి తీసుకొనిపోయినారు. అక్కడ చిన్నపిల్లలు మూడేసి కిలోలకు పైబడిన ఇనుప కాలిపర్లు ఈడ్చుకొంటూ నడుస్తున్నారు. మూడు వారములలో ప్రయోగశాలవారు 300 గ్రాముల కాలిపర్లు చేసి ఇచ్చినారు. పిల్లలు పరుగెత్తగా తల్లిదండ్రులు కంటతడి పెట్టుకొన్నారని కలాముగారు తమ ఉపన్యాసములలో పలుమార్లు చెప్పుకొన్నారు. క్షిపణులు చేసేవారికి పిల్లల కాళ్ళ సంగతి తెలియదు. వైద్యునికి ఆ పదార్థము సంగతి తెలియదు. ఒకరి వాకిలి ఒకరు తొక్కినందువలన అది జరిగినది. హృద్రోగ వైద్యులు భూపతిరాజు సోమరాజుగారితో కలసి కలాముగారు 1990లలో తక్కువ వెలకు గుండె స్టెంటు చేయించినది కూడా ఈ దారినే.

లోపములు, దిద్దుబాట్లు

మెచ్చుకొని ఊరుకొంటే చరిత్ర కాదు. జయపురపు పాదము చేతితో చేసేది గనుక ఒకటి ఉన్నట్లు మరియొకటి ఉండదని, మొండి కాలికి సరిగా అతకని తొడుగులు ఉన్నాయని ఇతరదేశముల నిపుణులు పరిశీలించి వ్రాసినారు. శిబిరములో ఒక్కరోజులో అమర్చి పంపిన తరువాత రోగిని మరల చూడడము కష్టమనే విమర్శ కూడా ఉన్నది. ఇవి త్రోసిపుచ్చదగిన మాటలు కావు.

దిద్దుబాటుకు మరల క్రొత్తవారు వచ్చి చేరినారు. ఇస్రో శాస్త్రజ్ఞులు పాదమును పాలీయురిథేన్ నురుగుతో తేలికగాను, ఒకే తీరుగాను పోతపోసే పద్ధతిని సిద్ధము చేసి సమితికి అందించినారు. మోకాలి పైభాగమున కాలు పోయినవారికి చౌకగా దొరికే కృత్రిమ మోకాలు నమ్మదగినది కాదు. నడకలో మడత పడి మనిషిని పడవేసేది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు విద్యార్థులు సమితివారితో కలసి నాలుగు కడ్డీల కూర్పుతో నైలాన్ మోకాలును తయారుచేసినారు. ఇంచుమించు 20 డాలర్లకు దొరికే ఆ ‘జైపూర్ మోకాలు’ను టైమ్ పత్రిక 2009 సంవత్సరపు 50 ఉత్తమ కల్పనలలో ఒకటిగా ఎంచినది. ఒకనాడు కాలిఫోర్నియాలో చేసిన పాదము మన రైతుకు పనికిరాలేదు. అర్ధ శతాబ్దము తరువాత అదే కాలిఫోర్నియా పిల్లలు మనవారిని అడిగి తెలుసుకొని చేసిన మోకాలు పనికివచ్చినది. నడుమ మారినది విద్య కాదు, అడిగే అలవాటు.

మన ఇళ్ళకు సంబంధించిన మాట

ఇదంతా వలస వచ్చిన మనకు ఎందుకని అడుగవచ్చును. ఈ సహకారము మన పూర్వులకు క్రొత్త కాదు. షోలాపురములోను, భివండీలోను స్థిరపడిన మన పద్మశాలీ కుటుంబములను చూడండి. మగ్గము చేసినవాడు వడ్రంగి. నూలుకు రంగు వేసినవాడు ఒకడు. ఆసు పోసినది, కండెలు చుట్టినది ఇంటి ఆడవారు. నాడె విసరినవాడు నేతగాడు. ఏ అంచు అమ్ముడుపోతుందో చెప్పినవాడు అంగడి షావుకారు. కట్టుకొని ఉతికి, రంగు పోయినదని తిట్టినది కొన్న ఇల్లాలు. ఆ తిట్టు కూడా మరుసటి చీరకు పనికివచ్చేది. పడుగు ఒక్కటే ఉంటే గుడ్డ కాదు, పేక ఒక్కటే ఉన్నా గుడ్డ కాదు.

ఇప్పుడు మన పిల్లలు పెద్ద చదువులు చదువుతున్నారు. సంతోషము. కాని ఇంజనీరింగు చదివే కుర్రవానికి తాత చేతిలోని పని తెలియదు. తాతకు కుర్రవాడు కంప్యూటరు మీద గీసేది ఏమిటో తెలియదు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఉండి ఒకరినొకరు అడుగరు. మోకాళ్ళ నొప్పులతో బాధపడే నాయనమ్మను ఒక్కమాట అడుగకుండానే క్రొత్త ఇంటి స్నానాలగదికి నునుపైన రాళ్ళు వేయిస్తాము. ఆమె జారిపడిన తరువాత విచారిస్తాము. గోడకు వ్రేలాడిన కాలు కథ మన ఇళ్ళలో ఈ రూపముగా జరుగుతున్నది.

రూపకల్పన చదువదలచిన పిల్లలకు ఇప్పుడు దారులు ఉన్నవి. అహమ్మదాబాదులో 1961 నుండి, బొంబాయి ఐ.ఐ.టి.లో 1969 నుండి ఈ విద్య ఉన్నది. తెలుగునాట కూడా హైదరాబాదు ఐ.ఐ.టి.లో రూపకల్పన శాఖ ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో జాతీయ రూపకల్పన సంస్థ 2015లో మొదలైనది. బొమ్మలు వేసే పిల్లను లెక్కలు రావని, లెక్కలు వచ్చిన పిల్లవానిని బొమ్మలు దండుగని మందలించేముందు తల్లిదండ్రులు ఒక్కసారి ఆలోచింతురుగాక.

చివరగా సంఘమువారికి ఒక చిన్న మనవి. మన సభ్యుల పట్టికలో పేరు, ఇంటిపేరు, స్వగ్రామము, ఉద్యోగము వ్రాసుకొంటున్నాము. దానిలో మరియొక గడి చేర్చవలెను: చేతికి వచ్చిన పని. నేత, రంగు, వడ్రంగము, కంచరిపని, కుట్టు, అల్లిక, వైద్యము, వంట – ఏదైనా కావచ్చును. రాబోయే ఉగాదికి చదువుకొనే పిల్లలను, ఆ పట్టికలోని పెద్దలను ఒక పూట ఎదురెదురుగా కూర్చుండబెట్టవలెను. ఉపన్యాసములు అక్కరలేదు. నడవలేనివారు, చూపు ఆననివారు, బరువు ఎత్తలేనివారు మన సంఘములోనే ఉన్నారు. మీకు ఏది కష్టముగా ఉన్నదని మొదట వారిని అడిగితే చాలును. పని అక్కడనుండి మొదలవుతుంది. పూర్తయిన నాడు దానిమీద అందరి పేర్లూ వ్రాయవలెను.

క్రొత్త సంవత్సరము మన కుటుంబములన్నిటికీ ఆయురారోగ్యములను, నలుగురితో కలసి నడిచే బుద్ధిని ప్రసాదించుగాక అని కోరుతున్నాము.